మహేంద్రగిరి పేరు యుద్ధనౌకకు ఎలా వచ్చింది? వంశధార పేరు రావాలంటే ఎవరిని అడగాలి?

కాశీనగర్ నుంచి డిగ్రీ చదువుతున్న తమ్ముడు ఒకరు అడిగిన ప్రశ్న ఇది. "మా గజపతి జిల్లా కొండ పేరు ఐఎన్‌ఎస్ మహేంద్రగిరి అని యుద్ధనౌకకు పెట్టారట. ఈ పేర్లు ఎవరు పెడతారు? మంత్రులా, ఎంపీలా, నేవీ వాళ్లేనా? అది మన మహేంద్రగిరేనా, తమిళనాడులోదా అని కూడా మా దగ్గర వాదన నడుస్తోంది. వంశధార పేరు కూడా ఒక ఓడకు రావాలంటే అర్జీ ఎవరికి పెట్టాలి?"

నాది పర్లాకిమిడి. నేవీలో కమ్యూనికేషన్ బ్రాంచిలో పనిచేసి చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. సిగ్నల్ పనిలో ఉన్నవాడికి ఓడ పేర్లతోనే రోజంతా గడుస్తుంది కాబట్టి ఇది నాకు ఇష్టమైన విషయం. కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. పేరు నిర్ణయించేది నేవీయే. ఢిల్లీలోని నేవల్ హెడ్‌క్వార్టర్స్‌లో ఇంటర్నల్ నోమెన్‌క్లేచర్ కమిటీ అని ఒకటి ఉంది. పాలసీ, ప్లాన్స్ చూసే అసిస్టెంట్ చీఫ్ ఆఫ్ నేవల్ స్టాఫ్ దానికి అధ్యక్షుడు. రక్షణ శాఖ చరిత్ర విభాగం లాంటి చోట్ల నుంచి కూడా అందులో మనుషులుంటారు. కమిటీ సూచించిన పేరును నౌకాదళాధిపతి ఆమోదించాలి. ఓడకు ఉండే చిహ్నానికీ నినాదానికీ రాష్ట్రపతి ఆమోదం కావాలి. రెండో ప్రశ్నకు జవాబు: అది మన మహేంద్రగిరే. ఆ ఓడను నీటిలోకి దింపినప్పుడు ప్రభుత్వం ఇచ్చిన ప్రకటనలోనే, తూర్పు కనుమల్లో ఒడిశాలో ఉన్న కొండ పేరు పెట్టామని రాశారు. తమిళనాడులోని మహేంద్రగిరి ఇస్రో రాకెట్ ఇంజన్లను పరీక్షించే చోటు. రెండూ ప్రసిద్ధమైనవే కాబట్టి మీవాళ్లకు అనుమానం రావడంలో తప్పు లేదు. ఇక వంశధార సంగతి, ఉత్తరం ఎవరైనా రాయొచ్చు. కానీ అది ఫలించాలంటే పేర్లు ఏ పద్ధతిలో వస్తాయో ముందు తెలియాలి.

అసలు విషయం ఏమిటంటే, నేవీలో ఒక్క ఓడకు విడిగా కూర్చుని పేరు వెతకడం చాలా అరుదు. పేరు గుంపుగా వస్తుంది. ఒకే డిజైన్ మీద కట్టే ఓడలన్నిటినీ కలిపి క్లాస్ అంటారు. ఆ క్లాస్‌కు ముందు ఒక వరస కుదురుతుంది. ఆ వరసలో ఎన్ని ఓడలుంటే అన్ని పేర్లు. కొన్నిసార్లు అన్నీ ఒకే అక్షరంతో మొదలవుతాయి, కొన్నిసార్లు ఒకేలా ముగుస్తాయి, కొన్నిసార్లు ఒకే కోవకు చెందినవై ఉంటాయి. మీ కొండకు ఓడ దక్కింది అలాంటి ఒక వరసలో సరిగ్గా ఒక ఖాళీ ఉండటం వల్ల.

ఆ కథ చెప్తాను. 1972లో మన దేశంలో కట్టిన మొదటి పెద్ద యుద్ధనౌక, ఐఎన్‌ఎస్ నీలగిరి, నేవీలో చేరింది. దాని వెనక హిమగిరి, ఉదయగిరి, దునగిరి, తారాగిరి, వింధ్యగిరి వచ్చాయి. చివరిది 1981లో. మొత్తం ఆరు ఫ్రిగేట్లు (మధ్యస్థాయి యుద్ధనౌకలు), ఆరూ 'గిరి'తో ముగిసేవే. నేను నేవీలో చేరిన రోజుల్లో పాత చీఫ్‌లు వీటి గురించి మాట్లాడుతుంటే వినాలనిపించేది. దేశీయంగా యుద్ధనౌకలు కట్టగలమన్న ధైర్యం ఆ క్లాస్‌తోనే వచ్చిందని వాళ్ల నమ్మకం. ఒక్కొక్కటే రిటైరైపోయాయి.

తర్వాత ప్రాజెక్ట్ 17ఏ అని కొత్త స్టెల్త్ (రాడార్‌కు సులువుగా చిక్కని) ఫ్రిగేట్లు కట్టాలని నిర్ణయించినప్పుడు ఆ ఆరు పేర్లనూ మళ్లీ తీసుకున్నారు. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టినట్టే ఇది. కానీ ఈసారి కట్టాల్సినవి ఏడు ఓడలు. ముంబైలోని మజగావ్ డాక్‌లో నాలుగు, కోల్‌కతాలోని గార్డెన్ రీచ్‌లో మూడు. ఆరు పేర్లు పాతవాటి నుంచి వచ్చాయి, ఏడో ఓడకు పేరు లేదు. అది 'గిరి'తోనే ముగియాలి, దేశంలో పేరున్న కొండ అయ్యుండాలి, ఇంతకుముందు ఆ వరసలో వాడనిదై ఉండాలి. ఆ ఖాళీలోకి వచ్చింది మహేంద్రగిరి. 2023 సెప్టెంబర్ 1న మజగావ్ డాక్‌లో దాన్ని నీటిలోకి దింపారు. ఏడింటిలో తాత పేరు కాకుండా సొంత పేరుతో మొదలైన ఓడ అదొక్కటే.

ప్రాంతాల లెక్క కూడా ఇందులో ఉంది. దునగిరి, తారాగిరి ఉత్తరాఖండ్ కొండలు. వింధ్యగిరి కర్ణాటకది. ఉదయగిరి మన ఆంధ్రప్రదేశ్‌ది. ఒడిశా వాళ్లు భువనేశ్వర్ దగ్గరి గుహల కొండ అనుకుంటారు గానీ, 2022 మే 17న దాన్ని నీటిలోకి దింపినప్పుడు ఆంధ్రప్రదేశ్ కొండల పేరనే ప్రకటించారు. అంటే పాత ఆరు పేర్లలో ఒడిశాకు చోటు లేదు. మహేంద్రగిరి చూస్తే, 1,501 మీటర్ల ఎత్తు, తూర్పు గంగ రాజులు కొలిచిన గోకర్ణేశ్వరుడి చోటు, పరశురాముడు తపస్సు చేశాడని చెప్పుకునే కొండ, శివరాత్రికి మందస వైపు నుంచీ మన వైపు నుంచీ జనం ఎక్కే కొండ. ఇన్ని ఉన్న పేరు కమిటీ ముందుకు వస్తే దాన్ని కాదనడానికి కారణం కనిపించదు. నా దృష్టిలో ఆ ఏడింటిలో అందరికంటే హక్కున్న పేరు అదే.

ఇక్కడ ఒక సవరణ. ఐఎన్‌ఎస్ (ఇండియన్ నేవల్ షిప్) అనేది పుట్టుకతో వచ్చే మాట కాదు. ఓడ కడుతున్నంత కాలం దాన్ని యార్డ్ నంబర్‌తోనే పిలుస్తారు. లాంచింగ్ రోజున పేరు ప్రకటిస్తారు. సాధారణంగా ఒక ప్రముఖుడి భార్య అథర్వవేద మంత్రాల మధ్య కొబ్బరికాయ కొట్టి పేరు పలుకుతారు. మహేంద్రగిరికి అప్పటి ఉపరాష్ట్రపతి సతీమణి సుదేశ్ ధన్‌ఖడ్ ఆ పని చేశారు. పేపర్లో ఫొటో చూసి 'ఆవిడే పేరు పెట్టారు' అనుకుంటారు, అది నిజం కాదు. అప్పటికే ఆమోదమైన పేరును ఆవిడ పలుకుతారంతే. తర్వాత ఇంజన్లు, ఆయుధాలు బిగించి, సముద్రంలో ట్రయల్స్ చేసి, కమిషనింగ్ రోజున మొదటిసారి నేవీ జెండా ఎగరేస్తారు. ఐఎన్‌ఎస్ అని రాయాల్సింది ఆ రోజు నుంచే. లాంచింగ్‌కు ముందు పేరు మారే అవకాశం కూడా ఉంది. విశాఖపట్నం క్లాస్‌లో నాలుగో డిస్ట్రాయర్ (ఫ్రిగేట్ కంటే పెద్ద యుద్ధనౌక) కడుతుండగా పోర్‌బందర్ అన్న పేరు వినిపించేది, చివరికి సూరత్‌గా నీటిలోకి దిగింది.

ఇక ఏ రకం ఓడకు ఏ రకం పేరు అన్నది. దీన్ని పట్టిక వేసి బట్టీపట్టాల్సిన పనిలేదు, స్థూలంగా తెలిస్తే చాలు. డిస్ట్రాయర్లకు రాజధానులు, పెద్ద నగరాలు: ఢిల్లీ, మైసూర్, ముంబై, కోల్‌కతా, కొచ్చి, చెన్నై, విశాఖపట్నం, మోర్ముగావ్, ఇంఫాల్, సూరత్. ఫ్రిగేట్లకు కొండలు, నదులు, ఆయుధాలు. ఫ్రిగేట్ల కంటే చిన్నవైన కార్వెట్లకు చేతిలో పట్టుకునే ఆయుధాలు, కుక్రీ, కిర్పాణ్, కుఠార్ లాంటివి, కొన్నిటికి కమోర్తా, కవరత్తి వంటి దీవుల పేర్లు. బలగాలను తీరానికి చేర్చే ఓడలకు మగర్, ఘరియాల్, శార్దూల్, ఐరావత్ అని జంతువులు. సర్వే ఓడలకు సంధాయక్, నిర్దేశక్ లాంటివి. సబ్‌మెరైన్లకు వేటాడే చేపలు, సముద్రానికి సంబంధించిన మాటలు. రాజకీయ నాయకుల పేర్లు యుద్ధనౌకలకు పెట్టే అలవాటు మన నేవీలో లేదు. ఇది నాకు చాలా నచ్చిన సంగతి. అమెరికాలో అధ్యక్షుల పేర్లు పెడతారు, పేరు నిర్ణయించే అధికారం నేవీ సెక్రటరీ ఒక్కరిదే, అందుకే అక్కడ ప్రతి పేరు వెనకా ఒక వాదన వస్తుంది. కొండ, నది, ఊరు మీద ఎవరికీ పేచీ ఉండదు.

అక్షరాల వరస వెనకా పెద్ద చరిత్ర ఉంది. 1949లో బ్రిటన్ నుంచి మూడు పాత డిస్ట్రాయర్లు కొన్నాం. అక్కడ వాటి పేర్లు రోథర్‌హామ్, రిడౌట్, రైడర్. మనం రాజ్‌పుత్, రంజిత్, రాణా అని మార్చాం. 'ర' మాత్రం ఉంచాం. అవి పోయాక 1980 నుంచి సోవియట్ యూనియన్‌లో కట్టిన ఐదు డిస్ట్రాయర్లు వచ్చాయి. రాజ్‌పుత్, రాణా, రంజిత్, రణ్‌వీర్, రణ్‌విజయ్. అదే 'ర'. 'బ' వరసలో బ్రహ్మపుత్ర, బెత్వా, బియాస్ కూడా అంతే, 1958-60 మధ్య బ్రిటన్ నుంచి వచ్చిన ఫ్రిగేట్ల పేర్లను 2000 నుంచి మన సొంత ఓడలకు పెట్టుకున్నారు.

దీనివల్ల ఒక గందరగోళం మన ఉత్తరాంధ్ర, పర్లాకిమిడి వైపు తరచూ వింటాను. 1971లో విశాఖ తీరంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగినప్పుడు దానిమీద డెప్త్ ఛార్జీలు (నీటి అడుగున పేలే బాంబులు) వేసింది రాజ్‌పుత్ అని మన నేవీ చెప్తుంది. 2021 మేలో విశాఖలో రాజ్‌పుత్ రిటైరైనప్పుడు 'ఘాజీని ముంచిన ఓడ పోయింది' అని మా బంధువులే నాకు మెసేజ్‌లు పెట్టారు. ఘాజీ నాటిది మొదటి రాజ్‌పుత్. 2021లో జెండా దింపుకున్నది 1980లో వచ్చిన రెండోది. పేరు మాత్రమే కాదు, పాత ఓడ గౌరవం కూడా కొత్త ఓడకు వస్తుంది కాబట్టి జనం కలిపేసుకుంటారు.

ఈ గౌరవం విషయంలో నేను ఎవరితోనైనా గట్టిగా మాట్లాడతాను. 1971 డిసెంబర్ 9 రాత్రి డయ్యూ దగ్గర ఐఎన్‌ఎస్ కుక్రీ టార్పెడో దెబ్బకు మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన ఓడతోనే ఉండిపోయారు. అలాంటి పేరు అశుభమని పక్కన పెట్టేసి ఉండొచ్చు. నేవీ ఆ పని చేయలేదు. 1989లో కొత్త క్లాస్ కార్వెట్లు వచ్చినప్పుడు మొదటి ఓడకే కుక్రీ అని పెట్టింది, క్లాస్ మొత్తానికీ ఆ పేరే. అది 2021 డిసెంబర్ దాకా పనిచేసింది. పాత విక్రాంత్ 1997లో సేవ ముగించింది. 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో కొత్త విక్రాంత్ అదే పేరుతో, అదే ఆర్ 11 నంబరుతో చేరింది. కాబట్టి కమిటీ ముందు కొత్త పేరు పెట్టేవాడు ఎప్పుడూ పాత పేర్లతో పోటీ పడుతున్నాడని గుర్తుంచుకోవాలి. పాత పేరు ఖాళీగా ఉంటే మొదటి చోటు దానిదే.

ఇది వంశధారకు నేరుగా తగిలే విషయం. నదుల పేర్లలో మన తెలుగు నదులకు వాటా బాగానే దక్కింది. గోదావరి పేరుతో స్వాతంత్ర్యానికి ముందే ఒక స్లూప్ (చిన్న యుద్ధనౌక) ఉండేది, విభజనలో అది పాకిస్తాన్‌కు వెళ్లిపోయింది. 1983 డిసెంబర్‌లో కొత్త గోదావరి వచ్చింది, దాని తోబుట్టువులు గంగ, గోమతి, మూడూ 'గ'. అది 2015 డిసెంబర్‌లో రిటైరైంది. కృష్ణ పేరుతో ట్రైనింగ్ షిప్పు ఉండేది. అంటే రేపు నదుల పేర్లతో ఒక కొత్త క్లాస్ మొదలైతే గోదావరి, గంగ, గోమతి, కృష్ణ ముందు వరసలో నిలబడి ఉంటాయి. వంశధార వాటి తర్వాత. మహేంద్రగిరికి కలిసొచ్చినట్టు, పాత పేర్లకంటే ఓడలు ఎక్కువైనప్పుడు తలుపు తెరుచుకుంటుంది.

వంశధార రెండు రాష్ట్రాల నది, నీటి తగాదా ట్రిబ్యునల్ దాకా వెళ్లింది కదా, పేరు అడ్డుపడుతుందేమో అని ఎవరో కింద కామెంట్లలో అడిగారు. నా అభిప్రాయంలో అడ్డు కాదు. కృష్ణ మీద తగాదాలు తక్కువా? అయినా ఓడకు పేరు పెట్టారు. రెండు రాష్ట్రాలు తమదనుకునే నది కావడం నేవీ దృష్టిలో మేలే.

సిగ్నల్ మనిషిగా ఇంకో అడ్డంకి గురించి చెప్పాలి, దీన్ని బయటివాళ్లు పట్టించుకోరు. పేరు నోటికి తిరగాలి. పంజాబ్ కుర్రాడూ మణిపూర్ కుర్రాడూ కేరళ కుర్రాడూ ఒకేలా పలకగలగాలి. యుద్ధ విన్యాసాల్లో వాయిస్ సెట్ మీద పేర్లు వాడం, కాల్ సైన్లే (పేరుకు బదులు వాడే సంకేతాలు). కానీ హార్బర్‌లో టగ్‌లతో, పోర్ట్ కంట్రోల్‌తో, స్టోర్స్‌తో, ఉత్తరాల్లో రోజువారీ నడిచేది పేరే. నేను పనిచేసిన చోట పేర్లు దగ్గరగా వినిపించే రెండు ఓడలు ఒకే జెట్టీలో ఉండేవి. ఒకదానికి రావాల్సిన స్పేర్ పార్టులు ఇంకోదానికి వెళ్లడం, ఒకదాని కోసం వచ్చిన ఫోన్ ఇంకో ఓడ క్వార్టర్‌డెక్ (వెనక డెక్) మీద మోగడం మామూలైపోయింది. వంశధార ఈ పరీక్షలో బాగానే పాసవుతుంది. అన్ని భాషలవాళ్లకూ నోరు తిరిగే పేరు, వెనకభాగాన దేవనాగరిలో రాస్తే కుదురుగా ఉంటుంది. మన ఓడల పేర్లు అక్కడ దేవనాగరిలోనే ఉంటాయి.

యుద్ధనౌక ఒక్కటే దారి కాదు. ఇది మీ కుర్రాళ్లకు గట్టిగా చెప్పు. నేవీలో ఒడ్డున ఉండే స్థావరాలకు కూడా ఐఎన్‌ఎస్ అనే పేరు ఉంటుంది. ఇది బ్రిటిష్ నేవీ నుంచి వచ్చిన ఆచారం. విశాఖలోని ఐఎన్‌ఎస్ సర్కార్స్ పేరు ఉత్తర సర్కారుల నుంచి వచ్చింది. గంజాం అందులో భాగమే, కాబట్టి ఆ పేరులో మనమూ ఉన్నాం. సబ్‌మెరైన్ స్కూల్ పేరు శాతవాహన. భీమిలి వైపు ఉన్నది ఐఎన్‌ఎస్ కళింగ. చిలికా ఒడ్డున ఖుర్దా జిల్లాలో ఉన్న ఐఎన్‌ఎస్ చిల్కా అయితే మొత్తం దేశం నావికుల మొదటి బడి. ఏ రాష్ట్రం కుర్రాడైనా నావికుడిగా చేరితే ముందు దిగేది అక్కడే. నేనూ అక్కడే మొదలుపెట్టాను.

తెరచాప ఓడలూ ఉన్నాయి. ఐఎన్‌ఎస్‌వీ (ఇండియన్ నేవల్ సెయిలింగ్ వెసెల్) తారిణి పేరు మన గంజాం జిల్లాలో రుషికుల్య ఒడ్డున ఉన్న తారాతారిణి అమ్మవారిది. 2017 ఫిబ్రవరిలో నేవీలో చేరిన చిన్న పడవ అది. అదే ఏడాది సెప్టెంబర్ 10న ఆరుగురు మహిళా అధికారులు గోవాలో దాన్నెక్కి భూమిని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. వాళ్లలో పి. స్వాతిది విశాఖ, బి. ఐశ్వర్యది హైదరాబాద్. నా వరకు ఒడిశా సరిహద్దుకు నేవీ ఇచ్చిన అన్నిటికంటే గొప్ప గౌరవం ఇదే. డిస్ట్రాయర్ మీద పేరు చూస్తే గర్వం కలుగుతుంది, నిజమే. కానీ తారిణి ఆ పేరును దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ దాటించి తెచ్చింది. అలాంటి తెరచాప ఓడకు వంశధార పేరు వచ్చినా నేను అంతే సంతోషిస్తాను.

ఇక అర్జీ. దీనికి దరఖాస్తు ఫారం, ఓటింగ్ లాంటివి ఏవీ లేవు. ఢిల్లీ నేవల్ హెడ్‌క్వార్టర్స్‌కు మామూలు ఉత్తరం రాయొచ్చు. మీ ఎంపీ ద్వారా రక్షణ మంత్రికీ పంపొచ్చు. 'మా నది గొప్పది, మా ప్రజల మనోభావాలు' అని రెండు పేజీలు రాస్తే ఎవరూ చదవరు. సముద్రంతో ఆ నదికున్న సంబంధం చూపించాలి. వంశధార విషయంలో చూపించడానికి చాలా ఉంది. అది సముద్రంలో కలిసే చోట కళింగపట్నం పాత రేవు. దగ్గర్లోనే శాలిహుండం బౌద్ధ క్షేత్రం. ఒడ్డునే ముఖలింగం, తూర్పు గంగుల తొలి రాజధాని కళింగనగరంగా చరిత్రకారులు గుర్తించిన చోటు. ఒడిశాలో పుట్టి, గుణుపురం, కాశీనగర్ మీదుగా ఆంధ్రలోకి వచ్చి సముద్రం చేరే నది. మహేంద్రగిరి ఓడ ఇప్పటికే ఉంది, ఆ కొండ చుట్టుపక్కల నది పేరు కూడా నేవీలో ఉండాలని ఒక్క వాక్యం. ఇంతే, ఒక పేజీ దాటకూడదు. ఏ క్లాస్‌కు అన్నది మనం చెప్పకూడదు, 'నదుల పేర్లు తీసుకునే సందర్భం వచ్చినప్పుడు పరిశీలించండి' అని అడగాలి. ఊళ్లో సంతకాలు సేకరించే పని పెట్టుకోవద్దు. గుణుపురం, శ్రీకాకుళం కాలేజీల చరిత్ర అధ్యాపకులతో రెండు వైపుల నుంచీ ఒకే ఉత్తరం మీద సంతకం చేయించగలిగితే దానికి బరువుంటుంది.

జవాబు వస్తుందని మాట ఇవ్వలేను. వచ్చినా 'పరిశీలిస్తాం' అనే వస్తుంది. ఓడ కట్టడానికే ఏళ్లు పడుతుంది, కాబట్టి తొందర పనికిరాదు. ఉత్తరం తెలుగులో ఆలోచించుకుని ఇంగ్లిష్‌లోనో హిందీలోనో రాసి ఇక్కడ పెట్టు తమ్ముడూ, నేవీ ఆఫీసు ఉత్తరాల పద్ధతిలో సరిచేసి ఇస్తాను.